నేల విడిచిన సాము: తిమింగలాల పూర్వీకుల గురించి

సభకు నమస్కారం. ఈ సాయంత్రం తిమింగలాల పూర్వీకుల గురించి మాట్లాడమన్నారు. ముందు ఆ మాటనే చూద్దాం. 'తిమి' అంటే పెద్ద చేప. తిమిని మింగేది తిమింగిలం. దానిని కూడా మింగేదానికి తిమింగిలగిలం అని సంస్కృతంలో ఇంకొక పేరుంది. తిమింగిలాన్ని మనం వాడుకలో తిమింగలం చేసుకున్నాం. చేపను మింగేది ఇంకా పెద్ద చేపే అయి ఉంటుందన్న ఊహ ఆ పేరులోనే దాగి ఉన్నట్టు నాకు తోస్తుంది. 2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి సుమారు 25 అడుగుల తిమింగలం కళేబరం ఒకటి కొట్టుకువచ్చింది. మీలో ఎవరైనా వెళ్ళి చూసి ఉండవచ్చు, పత్రికలో బొమ్మ అయినా చూసి ఉంటారు. అలాంటి దానిని చూడగానే మన నోట వచ్చే మొదటి మాట ఏమిటి? 'ఎంత పెద్ద చేప!' అనే కదా?

అది చేప కాదని బడిలో చదువుకున్నాం. మొప్పలు లేవు, ఊపిరితిత్తులున్నాయి, పిల్లకు పాలిస్తుంది, దాని రక్తం వెచ్చన. ఇవన్నీ మీకు తెలిసినవే కనుక వాటి దగ్గర ఆగను. అంతగా ఎవరూ గమనించని ఒక గుర్తు చెబుతాను. చేప తోకను ఎటు ఆడిస్తుంది? కుడికీ ఎడమకూ ఆడిస్తుంది. తిమింగలం తోకను పైకీ కిందికీ ఆడిస్తుంది. ఎందుకు? కుక్క పరుగెత్తేటప్పుడు దాని వెన్ను చూడండి. ముందుకు దూకినప్పుడు చాపుకుంటుంది, కాళ్ళు దగ్గరకు తెచ్చినప్పుడు విల్లులా వంగుతుంది. నేల మీద పరుగెత్తిన క్షీరదాల వెన్నుకు అలవాటైన వంపు అది. తిమింగలం ఈదుతున్నదంటే, నాకు మాత్రం, ఒక నాలుగుకాళ్ళ జంతువు నీళ్ళలో పరుగెత్తుతున్నట్టే కనిపిస్తుంది. కాళ్ళు పోయాయి, పరుగు మిగిలింది.

అయితే ఆ నాలుగుకాళ్ళ జంతువు ఏది? ఈ ప్రశ్న ఏ పండితుడినీ తేలికగా వదలలేదు. డార్విన్ 1859లో తన జాతుల పుట్టుక గ్రంథం మొదటి ముద్రణలో, ఉత్తర అమెరికాలో నల్ల ఎలుగుబంటి నోరు తెరుచుకుని గంటల తరబడి ఈదుతూ నీటిలోని పురుగులను పట్టుకుంటున్నదని చెప్పి, అలాంటి జంతువు క్రమంగా తిమింగలమంతటి వింత ప్రాణిగా మారడంలో తనకు ఇబ్బంది కనిపించడం లేదన్నాడు. జనం నవ్వారు. తరువాతి ముద్రణలలో ఆయన ఆ వాక్యాన్ని కుదించేశాడు. ఎలుగుబంటి విషయంలో ఆయన పొరబడ్డాడు, సందేహం లేదు. కాని నేల మీది జంతువు నుంచే తిమింగలం వచ్చిందన్న అసలు సంగతిలో పొరబడ్డాడా? లేదు. 1883లో విలియం హెన్రీ ఫ్లవర్ అనే శరీర నిర్మాణ శాస్త్రవేత్త, ఎలుగుబంటి వైపు కాదు, గిట్టల జంతువుల వైపు చూడండి అన్నాడు. ఆ మాట నిలబడటానికి నూటపద్దెనిమిదేళ్ళు పట్టింది. ఎందుకు పట్టిందో, అది తేల్చిన రెండు చిన్న ఎముకలేమిటో చెప్పడమే ఇవాళ నా పని.

ఎముకల దగ్గరకు వెళ్ళేముందు ఒక పొరపాటు పేరు గురించి చెప్పాలి. అమెరికాలోని లూయిజియానాలో దొరికిన పెద్ద వెన్నుపూసను చూసి రిచర్డ్ హార్లన్ 1834లో అది సముద్రపు సరీసృపానిదని తలచి బాసిలోసారస్ అని పేరు పెట్టాడు. అంటే 'రాజ బల్లి'. అయిదేళ్ళ తరువాత రిచర్డ్ ఓవెన్ దాని పళ్ళు చూశాడు. దవడలోని ఒక్కొక్క పంటికి రెండేసి వేర్లున్నాయి. అటువంటి పళ్ళు క్షీరదాలవే కనుక ఇది బల్లి కాదు, తిమింగలమే అని తేల్చి, వేరే పేరు కూడా సూచించాడు. కాని శాస్త్రంలో మొదట పెట్టిన పేరే చెల్లుతుంది. నామకరణం నాడు పురోహితుడు పొరబడినా పిల్లవాడు ఆ పేరుతోనే పెరిగినట్టు, ఆ తిమింగలం నేటికీ రాజ బల్లిగానే ఉంది.

ఈ రాజ బల్లి బంధువులు ఈజిప్టు ఎడారిలో, కైరోకు నైరుతిగా ఉన్న వాదీ అల్ హితాన్‌లో వందల సంఖ్యలో పడి ఉన్నాయి. ఆ పేరుకు తిమింగలాల లోయ అని అర్థం. 2005లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఎడారిలో తిమింగలాలేమిటి అంటారా? సుమారు 4 కోట్ల ఏళ్ళ కిందట అదంతా సముద్రం. అక్కడ 1989లో మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫిలిప్ గింగరిచ్ బృందం బాసిలోసారస్ వెనక కాళ్ళను కనుక్కున్నది. 15 మీటర్లకు మించిన శరీరానికి అర మీటరుకు అటూ ఇటూ ఉండే కాళ్ళు! మోకాలుంది, చీలమండ ఉంది, వేళ్ళున్నాయి. వాటితో నిలబడటం అసాధ్యం. అయినా కాళ్ళు కాళ్ళే. తిమింగలానికి ఒకప్పుడు కాళ్ళుండేవన్న మాటకు ఇంతకన్నా కంటికి కనిపించే సాక్ష్యం ఏం కావాలి? కాని ఏ జంతువు కాళ్ళు అన్న ప్రశ్న మాత్రం అలాగే మిగిలింది. బాసిలోసారస్ అప్పటికే పూర్తిగా సముద్రజీవి. ఇంకా వెనక్కు వెళ్ళాలి, ఇంకొక కోటి ఏళ్ళు వెనక్కు.

అక్కడికి వెళితే మన ఇంటి దగ్గరకే వస్తాం. 5 కోట్ల ఏళ్ళ కిందట, ఇయోసీన్ యుగంలో, హిమాలయాలు ఇంకా ఇప్పటి రూపానికి రాలేదు. దక్షిణం నుంచి కదిలివచ్చిన భారత భూఖండం ఆసియాను ఢీకొంటున్న కాలం అది. రెంటి మధ్య టెథిస్ అనే సముద్రం ఇరుకైపోతూ, మెరకవుతూ, వెచ్చని లోతులేని నీళ్ళుగా, ఉప్పుటేర్లుగా, నదీముఖాలుగా మారుతున్నది. ఈనాటి పాకిస్తాన్ పంజాబు, జమ్మూ కాశ్మీర్, హిమాచల్, కచ్ అంతా ఆ తీరమే. తిమింగలాల పుట్టిల్లు అదే. ఇది దేశాభిమానంతో అంటున్న మాట కాదు. అతి పురాతన తిమింగలాలన్నీ ఈ ఉపఖండంలోనే దొరికాయి, మరెక్కడా దొరకలేదు.

1981లో గింగరిచ్, డొనాల్డ్ రస్సెల్ కలిసి పాకిస్తాన్ కోహాట్ ప్రాంతంలో దొరికిన పుర్రె వెనక భాగాన్ని వర్ణించి, పాకిసెటస్ అని పేరు పెట్టారు. 'సెటస్' అంటే తిమింగలం. తోడేలంత జంతువు పుర్రె అది, నదులు పరిచిన ఎర్రని రాతిపొరలో, నేల మీది జంతువుల ఎముకల మధ్య దొరికింది. మరి దానిని తిమింగలం అని ఎలా అన్నారు? ఇక్కడే మన మొదటి చిన్న ఎముక వస్తుంది.

మధ్య చెవిని కప్పుతూ క్షీరదాలలో ఒక గుల్ల ఎముక ఉంటుంది. మామూలు జంతువులలో అది చుట్టూ పలచగా, కోడిగుడ్డు పెంకులా ఉంటుంది. తిమింగలాలలో మాత్రం లోపలివైపు అంచు బాగా దళసరిగా, నున్నగా, బరువుగా ఉంటుంది. గవ్వను బోర్లించి చూడండి, దాని పెదవి ఎలా మందంగా లోపలికి మడిచినట్టు ఉంటుందో, అచ్చం అలాగే. ఈ గవ్వ ఎముక ఈనాటి నీలి తిమింగలానికీ ఉంది, డాల్ఫిన్‌కూ ఉంది, మరే క్షీరదానికీ లేదని అప్పటికి అందరూ నమ్మేవారు. పాకిసెటస్‌కు అది ఉంది. అందుకే అది తిమింగలం. కాళ్ళుండటమో తోకుండటమో కాదు, చెవి చెప్పింది ఆ సంగతి.

ఇక్కడ ఒక తమాషా కూడా జరిగింది. దొరికింది పుర్రె వెనక భాగం, కొన్ని పళ్ళు, దవడ ముక్కలు. దానితో 1983లో చిత్రకారులు గీసిన బొమ్మలో పాకిసెటస్ సీల్ జంతువులా తెడ్డు కాళ్ళతో చేపల వెంట దూకుతూ ఉంటుంది. తప్పు పట్టడానికి లేదు, మిగతా శరీరం ఎవరికీ తెలియదు. ఆ తరువాత హాన్స్ తేవిసెన్ బృందం పాకిస్తాన్ పంజాబులోని కాలాచిట్టా కొండలలో ఒకే చోట కుప్పగా పడి ఉన్న ఎన్నో పాకిసెటస్‌ల ఎముకలను సేకరించి, 2001లో మొత్తం అస్థిపంజరాన్ని జోడించి చూపింది. చూస్తే ఏముంది? సన్నని పొడుగాటి కాళ్ళు, పొడుగు తోక. తోడేలు లాంటి నేల జంతువు. అయితే కళ్ళు తల పక్కన కాక నెత్తి మీద, దగ్గర దగ్గరగా, ఆకాశం వైపు చూస్తున్నాయి. ఏ జంతువు కళ్ళు అలా ఉంటాయి? మొసలివి. ఒళ్ళంతా నీళ్ళలో దాచి, కళ్ళు మాత్రం పైకి పెట్టి గట్టును కనిపెట్టే జంతువువి. కాలి ఎముకల గోడలు కూడా మందంగా, లోపలి బోలు ఇరుకుగా ఉన్నాయి. వేగంగా పరుగెత్తడానికి అవి అడ్డు, మునిగి అడుగున నడవడానికి తూకం.

ఇక రెండో ఎముక, చీలమండది. మేక వెనక కాలిని కోసే మాంసం కొట్టువారి చేతికి అది రోజూ తగులుతూనే ఉంటుంది. బావి గిలక చూశారు కదా? మధ్యలో గాడి, రెండు పక్కల అంచులు. మన చీలమండలో గిలక ఆకారం పైవైపే ఉంటుంది. మేక, గొర్రె, ఆవు, పంది, జింక, ఒంటె, నీటి ఏనుగు, అంటే సరిసంఖ్యలో గిట్టలున్న జంతువులన్నింటిలో ఆ ఎముకకు పైనా కిందా రెండు వైపులా గిలక ఉంటుంది. ఈ రెండు గిలకల చీలమండ వాటి వంశానికి ఇంటిపేరు లాంటిది.

అప్పటిదాకా రెండు పక్షాలున్నాయి. శిలాజాలు చూసేవారిలో చాలామంది, 1966లో లీ వాన్ వాలెన్ చెప్పినట్టు, పళ్ళ పోలికను బట్టి మెసోనికిడ్‌లనే అంతరించిన మాంసాహారులు తిమింగలాల పూర్వీకులని నమ్మారు. గిట్టలున్న తోడేళ్ళు అనుకోండి. 1990లలో జన్యువులు చూసేవారు వచ్చి, అబ్బే, తిమింగలానికి అతి దగ్గర చుట్టం నీటి ఏనుగు అన్నారు. పళ్ళు ఒకటి చెబుతున్నాయి, జన్యువులు మరొకటి చెబుతున్నాయి. ఎవరిది నిజం? పురాతన తిమింగలం చీలమండ దొరికితే తేలిపోతుందని అందరికీ తెలుసు. దొరకడమే కష్టం.

దొరికింది. దొరకడం కూడా ఎలా దొరికింది! 2001 సెప్టెంబరులో, ఒకే వారంలో, రెండు వేర్వేరు బృందాలు రెండు వేర్వేరు పత్రికలలో ప్రకటించాయి. తేవిసెన్ పాకిసెటస్‌లో చూపాడు. గింగరిచ్ బలూచిస్తాన్‌లో దొరికిన ఆర్టియోసెటస్, రోడోసెటస్‌లలో చూపాడు. అన్నింటిలోనూ రెండు గిలకలే. నాకు ఈ కథలో బాగా నచ్చిన మనిషి గింగరిచ్. ఆయన అంతకు ముందు మెసోనికిడ్ పక్షంవాడు. తన చేతికి వచ్చిన ఎముక తన వాదాన్నే కొట్టివేస్తుంటే, ఆ ఎముకనే ముందుకు పెట్టి పక్షం మార్చుకున్నాడు. మేకా తిమింగలమూ ఒకే పెద్ద కుటుంబంలోవని అలా నిలబడింది. నీటి ఏనుగు తిమింగలానికి పూర్వీకురాలు కాదు సుమా. రెంటికీ పూర్వీకులు ఒక్కరే, అంతే. నీటి ఏనుగుల సొంత వంశం తిమింగలాలకన్నా చాలా తరువాత శిలాజాలలో కనిపిస్తుంది.

ఇప్పుడు మీకు ఒక రాళ్ళ కుప్ప కథ చెప్పాలి. ఎ. రంగారావు అనే భారతీయ భూవిజ్ఞాన శాస్త్రవేత్త జమ్మూలోని రాజౌరీ జిల్లా కాలాకోట్ దగ్గర ఎముకలతో నిండిన రాతిపొరను కనుక్కున్నాడు. కొన్ని దవడలు, పళ్ళు చూసి 1971లో ఇండోహయస్ అనే కొత్త జంతువుకు పేరు పెట్టాడు. 'భారతదేశపు పంది' అని అర్థం. అక్కడి నుంచి తెచ్చిన రాళ్ళలో చాలా భాగం పగలగొట్టకుండానే ఉండిపోయాయి. ఆయన మరణించాక ఆయన భార్య డెహ్రాడూన్‌లో వాటిని జాగ్రత్తగా కాపాడి, చివరకు తేవిసెన్‌కు అప్పగించారు. ప్రయోగశాలలో రాతి నుంచి ఎముకలను విడదీస్తుండగా ఒక పుర్రె పొరపాటున విరిగింది. విరిగిన చోట చెవి ఎముక బయటపడింది. చూస్తే, లోపలి అంచు మందంగా ఉంది. గవ్వ!

ఆలోచించండి. తిమింగలాలకు తప్ప మరెవరికీ లేదనుకున్న గుర్తు, పిల్లికన్నా కాస్త పెద్దదైన, సన్నకాళ్ళ, గిట్టల జంతువు చెవిలో ఉంది. 2007లో తేవిసెన్, ఐఐటీ రూర్కీలో ఉన్న సునీల్ బాజ్‌పాయ్, మరి కొందరు కలిసి ఈ సంగతి ప్రకటించారు. ఇండోహయస్ కాలం సుమారు 4 కోట్ల 80 లక్షల ఏళ్ళు, అంటే పాకిసెటస్‌కన్నా కాస్త తరువాతిదే. కనుక అది తిమింగలాలకు తాత కాదు. తాతగారి తమ్ముడి వంశంలో పుట్టి, ఊరు విడవకుండా పాత ఇంటినీ పాత అలవాట్లనూ నిలుపుకున్న మనిషి లాంటిది. తాత ముఖం ఎలా ఉండేదో అతన్ని చూస్తే తెలుస్తుంది.

చూడటానికి అది ఎలా ఉండేది? మూషిక జింకలా. హైదరాబాద్ నెహ్రూ జంతు ప్రదర్శనశాలలో 2010 నుంచి పెంచి, తరువాత నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో కొన్నింటిని వదిలిన ఆ చిన్న జంతువును చూసినవారికి బొమ్మ అక్కర్లేదు. ఆఫ్రికాలో దాని బంధువు ఒకటుంది, నీటి మూషిక జింక. గద్ద వెంటబడితే అది ఏం చేస్తుంది? పొదలోకి పోదు. వాగులోకి దూకి, మునిగి, అడుగున నడుస్తుంది. ప్రమాదం పోయాక గట్టెక్కి మళ్ళీ మేస్తుంది.

ఇండోహయస్ కూడా దాదాపు ఇదే పని చేసేదని దాని ఎముకలు చెబుతున్నాయి. కాలి ఎముకల గోడలు మందం, మునగడానికి తూకం. పళ్ళలోని ఆక్సిజన్ ఐసోటోపులను, అంటే బరువులో కాస్త తేడా ఉన్న ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళను, కొలిస్తే, ఎక్కువ కాలం నీళ్ళలో గడిపే జంతువుల కొలతలకు దగ్గరగా వచ్చాయి. కాని అదే పళ్ళలోని కార్బన్ కొలతలు, అది చేపలు తిని బతికినట్టు చెప్పలేదు, నేల మీద మేసిన జంతువువే అన్నాయి. ఈ రెండు కొలతలనూ పక్కపక్కన పెట్టండి. ఒళ్ళు నీళ్ళలో, నోరు గట్టు మీద! తిండి కోసం తిమింగలాల పూర్వీకులు నీళ్ళలోకి దిగారని మనం చాలా కాలం అనుకున్నాం. ఈ చిన్న జంతువు చెప్పేది వేరు. నీళ్ళు మొదట దాగే చోటు. వంటిల్లు అయింది ఆ తరువాత, పాకిసెటస్ రోజులలో, అదే నీళ్ళలో పొంచి వేట మొదలైనప్పుడు. నాకు ఈ మొత్తం కథలో ఇంతకన్నా విలువైన వాక్యం లేదు, అందుకే మళ్ళీ అంటున్నాను: మొదట దాగారు, తరువాత తిన్నారు.

తరువాతి మజిలీలు త్వరగా చెబుతాను. పాకిసెటస్ మంచినీటి జంతువని దాని పళ్ళలోని ఆక్సిజన్ చెప్పింది. దాని వెనుక వచ్చింది ఆంబులోసెటస్. 'నడిచే తిమింగలం' అని పేరు, 1994లో ప్రకటించారు. మగ సముద్ర సింహమంత శరీరం, పెద్ద పాదాలు. ఆ పాదాలతో, వెన్ను వంపుతో నీటిపిల్లిలా ఈదేది. మొసలి లాగా లోతులేని నీళ్ళలో పొంచి ఉండేది. ఆ తరువాతి మజిలీ కచ్. 1972లో అశోక్ సాహ్నీ, విజయ్ ప్రకాశ్ మిశ్రా అక్కడి తిమింగలాలను మొదట వర్ణించారు. హరూడీ ఊరి పరిసరాలలో దొరికిన రెమింగ్టనోసెటస్‌కు మూతి చాలా పొడుగు, కళ్ళు చిన్నవి, చెవులు పెద్దవి. బురద నీళ్ళలో చూపు ఏం పని చేస్తుంది? వినికిడే దిక్కు.

వినికిడి గురించి ఒక్క నిమిషం నిలవాలి. నీళ్ళలో తల ముంచి రాయి చప్పుడు విన్నారా? చప్పుడు వినిపిస్తుంది, ఏ వైపు నుంచి వచ్చిందో తెలియదు. మన చెవి గాలి కోసం తయారైంది. ఈనాటి తిమింగలంలో శబ్దం కింది దవడ గుండా చెవికి చేరుతుంది. దవడ వెనక భాగంలో పెద్ద రంధ్రం, అందులో కొవ్వు మెత్త, ఆ మెత్త చివర మన గవ్వ ఎముక. పాకిసెటస్‌లో ఆ రంధ్రం నేల జంతువులదంత చిన్నది. ఆంబులోసెటస్‌లో పెద్దదైంది. రెమింగ్టనోసెటస్‌లో ఇంకా పెద్దది. వరసగా మూడు దవడలు చేతిలో పెట్టుకుని చూడగలిగిన మార్పు ఇది. మధ్య మజిలీలు ఏవీ అని అడిగేవారికి నేను ఈ దవడలనే చూపిస్తాను.

చెవిలోనే ఇంకొక అవయవముంది, ఒంటి తూకం చూసే అర్ధవృత్తాకార నాళాలు. పరుగెత్తే, గెంతే జంతువులకు అవి పెద్దవి. తిమింగలాలకు, శరీరంతో పోలిస్తే, ఆశ్చర్యపోయేంత చిన్నవి. 2002లో పరీక్షిస్తే, కచ్ తిమింగలాలలో అప్పటికే అవి చిన్నవైపోయాయి. కాళ్ళు ఇంకా ఉన్నాయి, కాని నేల మీద చురుకుగా తిరిగే రోజులు అప్పటికే వెళ్ళిపోయాయన్న మాట.

ఆ కాళ్ళతోనే అవి లోకం చుట్టాయి. పెరూ తీరంలో దొరికి 2019లో ప్రకటించిన పెరెగోసెటస్ 4 కోట్ల 26 లక్షల ఏళ్ళ నాటిది, 4 మీటర్ల పొడుగు, నాలుగు కాళ్ళూ ఉన్నాయి, వేళ్ళ చివర చిన్న గిట్టలు కూడా ఉన్నాయి. పశ్చిమాఫ్రికా వైపు నుంచి అప్పటికి ఇంకా ఇరుకుగా ఉన్న అట్లాంటిక్‌ను ఈదుకుంటూ దాటి ఉంటుందని దానిని వర్ణించినవారు అంటారు. గిట్టలతో సముద్రం దాటిన మేకల చుట్టం!

మరి ఆ కాళ్ళు చివరికి ఏమయ్యాయి? పూర్తిగా పోలేదు. ఈనాటి తిమింగలాలలో కటి ఎముకలు కండలో దాగి ఉన్నాయి. వెన్నుతో వాటికి సంబంధం తెగింది, మగవాటిలో జననాంగ కండరాలకు ఆధారంగా పనికి వస్తున్నాయి. డాల్ఫిన్ పిండంలో తొలి వారాలలో వెనక కాళ్ళ మొగ్గలు రెండు పొడుచుకు వస్తాయి. కొద్ది రోజులకే అణగిపోతాయి. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే జన్యువు అక్కడ పని చేయకపోవడం వలన ఆ మొగ్గ కాలుగా ఎదగదని 2006లో తేవిసెన్ బృందమే చూపింది. వీడియో ఆటలోని బొమ్మ పేరే ఆ జన్యువుకు పెట్టారు, నేను కల్పించింది కాదు, పిల్లలు నవ్వుకోవచ్చు. అదే ఏడాది అక్టోబరులో జపాన్‌లోని తాయ్‌జీ జాలర్లకు ఒక డాల్ఫిన్ చిక్కింది. అరచేయంత రెక్కలు రెండు, వెనక కాళ్ళు ఉండవలసిన చోట, దానికి ఉన్నాయి. దానిని చంపకుండా అక్కడి తిమింగల ప్రదర్శనశాలకు ఇచ్చారు.

చెప్పవలసింది ఇంతే. ముందు వరసలోని ఆ అబ్బాయి చాలాసేపటి నుంచి చేయి ఎత్తి పట్టుకున్నాడు, అతనితో మొదలుపెడదాం. అడుగు నాయనా.